సముద్రముపై సౌధములు



మా మాతామహులు యౌవనమున కాకినాడ రేవునుండి రంగము పోయిరి. అచ్చట బియ్యపు మిల్లులో మూటలు మోసి, 1930వ సంవత్సరము మే నెలలో రంగూను నగరమున మన తెలుగు కూలీలకును బర్మావారికిని జరిగిన కొట్లాటల పిమ్మట ఇల్లు చేరిరి. నాకు పదియేండ్ల ప్రాయమున మా యింటి గోడమీద ఒక పాత క్యాలెండరు బొమ్మ వ్రేలాడుచుండెను. అందు నాలుగు పొగగొట్టములు గల పెద్ద ఓడ. దాని ప్రక్కలను వరుసలు వరుసలుగా కిటికీలు, కిటికీలన్నిటను దీపములు. ఒకనాడు నేను దానిని చూపి, "తాతా, నువ్వు ఎక్కిన ఓడ ఇదేనా?" అని యడిగితిని. ఆయన చాలసేపు నవ్విరి.

పిమ్మట తమ ఓడ సంగతి చెప్పిరి. కాకినాడలో ఓడ ఒడ్డునకు రాదు. దూరమున లంగరు వేసి నిలుచును. పడవలో పోయి, ఊగుచున్న నిచ్చెనమీదుగా ఎక్కవలెను. డెక్కుమీద చాప పరచుకొన్నంత మేర ఎవని చోటు వానిది. మూటలోని అటుకులు, బెల్లము, ఊరగాయ ముగియులోపల రంగూను వచ్చిన అదృష్టము. గాలివాన పట్టినచో అదియు నుండదు. ఆ పిమ్మట ఆయన చెప్పిన మాట నాకు నేటికిని చెవిలో నున్నది. సాయంకాలము డెక్కుమీద ఒక ఇనుప తలుపు తెరచుకొనెడిదట. దానిలోనుండి నిలువెల్ల మసిబారిన మనుష్యులు పైకి వచ్చి, ఎవరితోను మాటాడక, నెత్తిన ఉప్పునీళ్లు క్రుమ్మరించుకొని, అచ్చటనే వాలిపోయెడివారట. "వాళ్లు బొగ్గేసే వాళ్లురా. నీ బొమ్మలో ఓడకీ ఆ తలుపు ఉండే ఉంటుంది, అవతలి పక్కన" అనిరి.

నేటి ప్రసంగమునకు విషయము ఆ క్యాలెండరులోని ఓడల చరిత్ర. తాతగారి ఇనుప తలుపును మరువక చెప్పెదను.

సముద్రయాన మనగానే మన పెద్దలకు ధర్మశాస్త్రము జ్ఞప్తికి వచ్చును. బౌధాయనుడు దానిని పతనీయములలో చేర్చెను. కలివర్జ్యముల పట్టికలోను అది కలదు. శాస్త్రమట్లుండగా, రేవులు తమ పని తాము చేయుచునే యుండెను. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనమును చూడుడు. గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు సర్వమును హరించుచుండిరి. తానట్లు చేయక న్యాయమైన సుంకమును మాత్రమే గైకొందునని ఆ ప్రభువు దూరద్వీపముల వర్తకులకు మాట యిచ్చెను. అది సరుకుల ఓడల కాలము. ఓడలో మనుష్యుడును ఒక విధమైన సరుకే. సుఖముకొరకు సముద్రముమీద పోవుట యను మాట ఆనాడు మన దేశమున గాని, పరదేశముల గాని పుట్టలేదు.

ఆ మాటకు మొదట కావలసినది సుఖము గాదు, వేళ. పూర్వము ఓడ సరుకు నిండినప్పుడు కదలును. గాలి అనుకూలించినప్పుడు సాగును. ప్రయాణికుడు రేవులో వారములు వేచియుండవలసినదే. 1818వ సంవత్సరము జనవరి 5వ తేదీన న్యూయార్కు రేవునుండి 'జేమ్సు మన్రో' అను తెరచాప ఓడ, మంచు కురియుచుండగా, ముందు ప్రకటించిన దినముననే లివర్‌పూలునకు బయలుదేరెను. సరుకు నిండినను నిండకున్నను తేదీ తప్పమని దాని యజమానులు ప్రకటించిరి. నేటి మనకిది చిన్న సంగతిగా తోచును. కాని, సముద్రమునకు పంచాంగము కట్టినవారు వారే యని నా యభిప్రాయము.

1838లో 'సిరియసు', 'గ్రేటు వెస్టర్ను' అను రెండు ఆవిరియోడలు కొన్ని గంటల తేడాతో అట్లాంటికు సముద్రమును దాటి న్యూయార్కు చేరెను. 1840 జూలై 4వ తేదీన శామ్యూలు క్యూనార్డు అను వర్తకుని 'బ్రిటానియా' లివర్‌పూలునుండి కదలెను. దాని పొడవు 207 అడుగులు. అందు 115 మంది ప్రయాణికులకు చోటు. పాలకొరకు ఒక ఆవును గూడ ఎక్కించిరి! ఆంగ్ల నవలాకారుడగు ఛార్లెసు డికెన్సు 1842 జనవరిలో భార్యతో ఈ యోడలోనే అమెరికా పోయెను. తన గది ఎంత ఇరుకో, అందు పెట్టెలు పట్టని వైన మెట్టిదో ఆయన ఎంతయో పరిహాసముగా వ్రాసెను. పరిహాసము లోపల భయము లేకపోలేదు. తిరుగు ప్రయాణమునకు ఆయన ఆవిరియోడ జోలికి పోక, తెరచాప ఓడనే యెక్కెను.

ఇది మొదలుగా ముప్పదియేండ్లు ఓడలు పెద్దవగుచు వచ్చెను గాని సౌఖ్యము పెద్దగా పెరుగలేదు. బ్రూనెలు అను మహాశిల్పి 692 అడుగుల పొడవున 'గ్రేటు ఈస్టర్ను' అను ఓడను నిర్మించెను. నాలుగువేల ప్రయాణికులకు సరిపడు ఆ ఓడకు ప్రయాణికులే దొరకలేదు. తుదకది సముద్రగర్భమున తంతితీగెలు పరచు పనికి వచ్చెను. 1870లో బొంబాయినుండి ఏడెనునకు తీగె పరచినది అదియే. మన తాతముత్తాతలకు విలాయతు తంతివార్తలు వచ్చుటలో ఆ నష్టజాతకపు ఓడ చేయి కలదన్నమాట.

1871లో వైటు స్టారు అను కంపెనీవారు 'ఓషియానికు'ను సముద్రముపై విడిచిరి. అంతవరకు మొదటి తరగతి గదులు ఓడ వెనుకకొసన నుండెడివి. తెరచాప ఓడలలో నాయకుని చోటు అది. అలవాటు చొప్పున అట్లే నిలిచిపోయెను. ఆవిరియోడకు వెనుక భాగమే మిక్కిలి అదరునని అందరెరుగుదురు, మార్చినవారు లేరు. ఉయ్యాలకు నడుమ ఊపు తక్కువ గదా! వైటు స్టారువారు భోజనశాలను, గదులను ఓడ నడుమకు తెచ్చిరి. గదులు పెంచిరి. నీటి గొట్టములు, పరిచారకుని పిలుచుటకు విద్యుద్ఘంటలు పెట్టిరి. సౌధములకు శంకుస్థాపన యిదియే.

ఇక ఈ సౌధములలో దినచర్య ఎట్టిదో కొంచెము మనవి చేసెదను. అది వినదగినదే. ప్రయాణమునకు ముందే పెట్టెలకు చీటీలు అంటింతురు: ఇది దారిలో కావలెను, ఇది దారిలో అక్కరలేదు అని. అక్కరలేనివి అడుగు కొట్టునకు పోవును. ఉదయము డెక్కుమీద వాలుకుర్చీలలో కంబళ్లు కప్పుకొని కూర్చున్నవారికి పదునొకండు గంటలకు వేడి మాంసరసము గిన్నెలతో అందింతురు. నాలుగింటికి తేనీరు. సాయంకాలము బాకా ఊదిన పిమ్మట ఎల్లరును గదులకు పోయి, విందుదుస్తులు ధరించి రావలెను. కెప్టెను బల్లవద్ద కూర్చుండుటకు పిలుపు వచ్చుట గొప్ప గౌరవము. చుట్టును వేయి మైళ్ల నీరు. అందు నడుమ పట్టుచీరలవంటి గౌనులు, వాద్యగోష్ఠి, పూలకుండీలు. తుపానులో పళ్లెములు దొరలకుండ బల్లలకు చట్రములు బిగింతురు; విందు మాత్రము ఆగదు. వేళ తప్పక, స్వరము పెంచక, తొట్రుపాటు కనబడనీయక సేవచేయుట యందు ఆ ఓడలవారు సంపాదించిన నైపుణ్యమును నేను కేవలము డంబమని తీసివేయజాలను. అదియు ఒక విద్య.

కాని ఆ విద్యకు జీతమెవరిచ్చిరి? మొదటి తరగతివారే యని తోచును. లెక్క వేరుగా నున్నది. మొదటి తరగతి పేరును తెచ్చెను. లాభములో పెద్దపాలు తెచ్చినది అడుగు తరగతి. పూర్వము అమెరికానుండి కొయ్యదూలములు తెచ్చిన తెరచాప ఓడలు, తిరిగిపోవునపుడు ఖాళీకొట్టులో బల్లమంచములు కొట్టి, కరవున పడిన ఐర్లండు బీదలను నింపుకొని పోయెడివి. 1850 తరువాత ఇన్మను అను వర్తకుడు ఆ బీదలను ఆవిరియోడలలో ఎక్కించుకొనుటకు పూనుకొనెను. అది చూచి తక్కినవారును అదే దారి పట్టిరి. ఇటలీనుండి, పోలెండునుండి, రష్యానుండి, ఆస్ట్రియానుండి పొలము లేనివారు, అప్పుల పాలైనవారు, మతద్వేషమునకు జడిసినవారు లక్షలుగా కదలిరి. 1907వ సంవత్సర మొక్కదానిలో అమెరికా సంయుక్తరాష్ట్రములు చేరినవారు 12 లక్షల 85 వేలు.

ఈ లెక్కను చక్కగ గ్రహించినవాడు హాంబర్గు నగరపు ఆల్బర్టు బాలిను. వలసవచ్చువారిలో రోగులను అమెరికావారు త్రిప్పి పంపినచో ఆ ఖర్చు ఓడ కంపెనీదే యని 1891లో అచ్చట శాసనమైనది. అందుచేత బాలిను హాంబర్గులోనే వలసవారికి బసలు కట్టించి, స్నానము చేయించి, వైద్యులచే పరీక్షింపజేసి, అటుపిమ్మట ఓడ యెక్కించెను. ఆయనయే 1905లో 'అమెరికా' అను ఓడలో మొదటి తరగతివారికి రిట్జు హోటలువారి భోజనశాలను ఏర్పాటు చేసెను. పైన ఫ్రెంచి వంటకములు, అడుగున గంజిబువ్వ. రెండును ఒకే బుద్ధినుండి పుట్టినవి. శీతకాలమున అట్లాంటికునకు ప్రయాణికులు రాక ఓడలు ఖాళీగా నుండుట చూచి, 1891 జనవరిలో ఒక ఓడను మధ్యధరా సముద్రమునకు ఊరక విహారార్థము పంపినవాడును ఈయనయే. నేడు లోకమంతట సాగుచున్న క్రూజు విహారములకు ఆదిపురుషులలో నొకడు. ఆయన పెంచిన నౌకాదళము మొదటి మహాయుద్ధములో చెదరిపోగా, 1918 నవంబరు 9వ తేదీన తన ప్రాణము తానే తీసికొనెను.

నాలుగు పొగగొట్టముల కాలము ఇదియే. 1907లో క్యూనార్డు కంపెనీవారి 'లుసిటేనియా', 'మారిటేనియా' వచ్చెను. మారిటేనియా 1909 మొదలు 1929 వరకు అట్లాంటికుపై వేగమునకు మేటియై నిలిచెను. ఆ వేగమునకు దినమునకు సుమారు వేయి టన్నుల బొగ్గు కావలెను. వేయి టన్నులనగా ఎడ్లబండ్లు రెండువేలకు తక్కువగాని పని కాదు. ఆ బొగ్గును కొట్లనుండి తోపుడుబండ్లతో తెచ్చువారు, కొలిమి నోట వేయువారు, బూడిద లాగువారు మూడువందలకు మించి యుండిరి. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, మరల నాలుగు గంటలు పని. కొలిమి తలుపు తెరచునప్పటి వేడిమి చెప్పనలవి గానిది. పైన విందు చేయువారిలో ఈ మూడువందల మందిలో ఒక్కని ముఖమైనను చూచినవాడు అరుదు. తాతగారి మాట నిజమే. తలుపు ఉన్నది, కాని అవతలి ప్రక్కన.

'టైటానికు' కథ మీరందరును వినియే యుందురు గాన దానిని వర్ణింపను. 1912 ఏప్రిలు 14 రాత్రి మంచుకొండను తాకి, 15వ తేదీ తెల్లవారకముందే మునిగిన ఆ ఓడలో ఈతకొలను, వ్యాయామశాల, టర్కీ స్నానశాల కలవు. 512 పౌనులిచ్చి కుటుంబముతో, సేవకులతో ఎక్కినవారును, ఏడెనిమిది పౌనులిచ్చి ఎక్కినవారును కలరు. ప్రయాణికులలో సగమునకు మించినవారు మూడవ తరగతివారే. ఓడలో మొత్తము సుమారు 2,200 మంది. ప్రాణరక్షణ పడవలలో 1,178 మందికే చోటు. ఇది చట్టవిరుద్ధము కాదు. ఓడ బరువును బట్టి పడవలెన్ని యుండవలెనో చెప్పు చట్టము పదివేల టన్నుల ఓడలతో ఆగిపోయెను; ఈ ఓడ నలుబదియారువేల టన్నులది. చట్టము నడువకున్నను ఓడలు పెరుగుచునే పోయెను. మొదటి తరగతిలో నూటికి అరువదిమంది బ్రతికిరి. మూడవ తరగతిలో నూటికి ఇరువదియైదుగురు. దీపములు చివరి నిముషముల వరకు వెలుగుచునే యుండెను. వానిని వెలిగించుచుండిన ఇంజనీరులలో ఒక్కడును తిరిగి రాలేదు.

ఇక మన వైపునకు వత్తము. అట్లాంటికు ఓడలు వలసవారివి; మన సముద్రముమీద ఓడలు ప్రభుత్వపు దొరలవి. పి. అండ్ ఓ. అను కంపెనీవారు 1842లో 'హిందుస్థాను' అను ఓడను సౌతాంప్టనునుండి ఆఫ్రికాను చుట్టి కలకత్తాకు పంపిరి. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట దారి దగ్గరయ్యెను. ఇంగ్లండునుండి వచ్చునప్పుడు ఎడమప్రక్క గదులు, తిరిగిపోవునప్పుడు కుడిప్రక్క గదులు ఎండ తగులక చల్లగా నుండునట. 'పోర్టు ఔటు, స్టార్‌బోర్డు హోము' అను మాటల మొదటి అక్షరములు కలిసి 'పాష్' అను ఇంగ్లీషు మాట పుట్టినదని చెప్పుదురు. నిరుక్తము ముచ్చటగా నున్నది గాని, దానికి ఒక్క టిక్కెట్టైనను సాక్ష్యముగా దొరకలేదు. శబ్దవ్యుత్పత్తిలో చెవికింపైనదెల్ల నిజమను భ్రమ మన పండితులకు మాత్రమే గాదని దీనిచే తెలియుచున్నది.

ఆ ఓడలలో పనివారు మనవారే. డెక్కుమీద గుజరాతు, రత్నగిరి తీరములవారు, కొలిమివద్ద పంజాబు ప్రాంతపు మహమ్మదీయులు, భోజనశాలలో గోవావారు. వారికి పెద్ద సరంగు. ఇంగ్లీషు నావికునికిచ్చు జీతములో చిన్న పాలే వీరికి ముట్టుచుండెను. పడుకొను చోటును తక్కువే.

ఈ ఓడలలో ఒక ప్రయాణికుని రెండు ప్రయాణములను మాత్రము చెప్పెదను. 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో 'క్లైడు' అను ఓడ యెక్కిన పదునెనిమిదేండ్ల బాలుడు మోహనదాసు గాంధి. సముద్రము దాటుచున్నాడని ఆయన కులమువారు ఆయనను వెలివేసిరి. ఓడలో ముల్లుకత్తులు పట్టుట తెలియదు. ఏ వంటకములో మాంసము కలదో, ఏది లేదో అడుగుటకు సిగ్గు. అందుచే భోజనశాలకు పోక, ఇంటినుండి తెచ్చిన మిఠాయిలు, పండ్లు గదిలోనే తినుచు కాలము గడపెను. ఇంగ్లండులో దిగునపుడు తెల్లని దుస్తులు ధరించి దిగి, అట్టి దుస్తులు ధరించినవాడు తానొక్కడే యని చూచి సిగ్గుతో కుంగిపోయెను. ఇదియంతయు ఆత్మకథలో ఆయనయే చెప్పుకొనెను. వెలి వేసిన కులపెద్దలకు జడియనివాడు ముల్లుకత్తికి జడిసెను. ఆ ఓడల నాగరకతకు గల బలము ఇట్టిది. అది ఎవరిని కొట్టదు, తిట్టదు, ఊరక చూచును.

నలుబదిమూడేండ్లు గడచెను. 1931 ఆగస్టు 29వ తేదీన రౌండు టేబులు సమావేశమునకు ఆయన బొంబాయిలో 'రాజపుతానా' అను ఓడ యెక్కెను. దొరికినవానిలో తక్కువ తరగతియే తీసికొనెను. అనుచరులు తెచ్చిన పెట్టెల సంఖ్య చూచి కోపించి, అక్కరలేనివానిని ఏడెను రేవునుండి వెనుకకు పంపించెను. దారిలో అక్కరలేని పెట్టెలకు అడుగు కొట్టు కలదని వెనుక చెప్పితిని. ఆయన కొట్టులోనికి గాక ఇంటికే పంపెను! పడక, రాట్నము, ప్రార్థన అన్నియు డెక్కుమీదనే. ప్రార్థనకు ఇతర ప్రయాణికులును వచ్చి కూర్చుండెడివారు. హైదరాబాదునుండి సరోజినీదేవి, కాశినుండి మదనమోహన మాలవీయ పండితుడు అదే ఓడలో నుండిరి. నిష్ఠాపరుడైన మాలవీయుడు సముద్రము దాటుట నా వంటి పాతకాలపు చదువువారికి ధర్మసింధువుకన్న పెద్ద ప్రమాణము. ఆ రాజపుతానా రెండవ మహాయుద్ధమున ఫిరంగులు ధరించి, 1941 ఏప్రిలు 13వ తేదీన జర్మనులు విడిచిన టార్పిడోకు గురియై ఐసులండునకు పడమట మునిగిపోయెను.

ఇచ్చట మరియొక ఓడ కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. కెనడా దేశపు కంపెనీ యొకటి 1891 మొదలు వాంకూవరునుండి జపానునకును హాంకాంగునకును 'ఎంప్రెసు ఆఫ్ ఇండియా' అను సొగసైన ఓడను నడిపెను. పేరు ఇండియా రాణి. ఇండియా రేవులతో దానికి పని లేదు. మొదటి మహాయుద్ధకాలమున గ్వాలియరు మహారాజు దానిని కొని, గాయపడిన సిపాయిలకు వైద్యశాలగా మార్చి, 'లాయల్టీ' అని పేరు పెట్టెను. యుద్ధానంతరము వాల్‌చందు హీరాచందు మొదలగు వర్తకులు దానిని కొని సింధియా కంపెనీని స్థాపించిరి. 1919 ఏప్రిలు 5వ తేదీన ఆ ఓడ బొంబాయినుండి లండనునకు కదలెను. ఆ తేదీనే నేడు మనము జాతీయ నౌకాదినముగా జరుపుకొనుచున్నాము. ఓడ ముసలిది, లాభము రాలేదు. 1923లో బొంబాయిలో దానిని విరిచివేసిరి. కాని కంపెనీ నిలిచెను. ఆ కంపెనీ విశాఖపట్టణమున నిర్మించిన 'జలఉష'ను 1948 మార్చి 14వ తేదీన నెహ్రూ సముద్రములోనికి విడిచెను. అది సరుకుల ఓడ. మనవారికి మరల మోటుపల్లి దారియే నచ్చెను కాబోలు.

అట్లాంటికునకు మరలుదము. 1921, 1924 సంవత్సరములలో అమెరికావారు వలసకు పరిమితులు విధించిరి. అడుగు తరగతి ఒక్కసారిగా ఖాళీయయ్యెను. ఓడలవారు గుండెలు బాదుకొని, ఆ చోటికి సున్నము కొట్టించి, పరుపులు వేయించి, ఉపాధ్యాయులకును విద్యార్థులకును తక్కువ ధరకు అద్దెకిచ్చిరి. పంతొమ్మిదివందల ఇరువదులలో కొలిమిలోనికి బొగ్గుకు బదులు నూనె వచ్చెను. మూడువందల మంది చేయు పనికి నూరుగురు అక్కరలేకపోయిరి. మసి వదలినందుకు సంతోషింపవలెనా, కూలి పోయినందుకు దుఃఖింపవలెనా?

వలసవారు పోయిన పిమ్మట మేడలు తమ కాళ్లమీద తాము నిలువవలసివచ్చెను. 1935లో ఫ్రెంచివారి 'నార్మండీ' వచ్చెను. 1,029 అడుగుల పొడవు. దాని మొదటి తరగతి భోజనశాల పొడవు 305 అడుగులు, ఎత్తు మూడంతస్తులు, ఏడువందలమంది ఒకేమారు కూర్చుందురు. దానికి కిటికీలు లేవు. గాజు దీపస్తంభముల వెలుగే వెలుగు. సముద్రము నడుమ కూర్చుండి సముద్రము కనబడకుండ భోజనము చేయుట! మొదటి తరగతికి 848 చోట్లు, తక్కిన రెండు తరగతులకును కలిపి 1,124. అంతటి సౌందర్యమును అంత తక్కువమంది పోషింపలేకపోయిరి. ఓడ నిండిన ప్రయాణములు తక్కువ. ఖజానానుండి సొమ్ము పోయుచు నడిపిరి. 1942 ఫిబ్రవరి 9వ తేదీన న్యూయార్కు రేవులో దానిని సైనికుల ఓడగా మార్చుచుండగా, లోహమును కోయు నిప్పురవ్వ ప్రాణరక్షక దుస్తుల గుట్టపై పడెను. మంటలార్పుటకు పోసిన నీటి బరువుకే ఓడ ప్రక్కకు ఒరిగి పడిపోయెను. దాని ప్రత్యర్థియైన 'క్వీను మేరీ' 1943 జూలైలో ఒక్క ప్రయాణమున 16,683 మందిని మోసెను. విందుశాలలలో అంతస్తులుగా మంచములు వేసి సైనికులను పడుకొనబెట్టిరి. మరల మా తాతగారి డెక్కు!

1958 అక్టోబరులో జెట్టు విమానములు అట్లాంటికును దాట మొదలిడెను. అయిదు దినముల దారి ఒక రాత్రి పనియయ్యెను. ఫ్రెంచివారు మాత్రము పట్టు విడువక 1962లో 1,035 అడుగుల 'ఫ్రాన్సు' అను ఓడను నడిపిరి. ఆ సంవత్సరపు డిసెంబరులో ప్రసిద్ధమగు 'మోనాలిసా' చిత్రము అమెరికా పోయినది ఆ ఓడలోనే. నూనె ధర మండిపోగా 1974లో ప్రభుత్వము చేయి ముడుచుకొనెను. ఓడను నిలిపివేయరాదని పనివారు రేవు వెలుపల దానిని ఆక్రమించి కూర్చుండిరి, ఫలము లేదు. అయిదేండ్లు మూలపడియుండిన దానిని నార్వేవారు కొని, 'నార్వే' యని పేరు మార్చి, విహారపు ఓడగా త్రిప్పిరి. 2003 మే 25వ తేదీన మయామీ రేవులో దాని ఆవిరిదొన్నె పేలి ఎనిమిదిమంది మరణించిరి. ఎనిమిదిమందియు అడుగున పనిచేయువారే. పైనున్న ప్రయాణికులకు గాయమైనను తగులలేదు.

ఆ ఓడ తుదకు మన దేశమునకే వచ్చెను. గుజరాతులో భావనగరమునకు చేరువ ఆలంగు అను తీరము కలదు. అచ్చట పోటు మిక్కిలి హెచ్చు; పోటుమీద ఓడను నేరుగ ఇసుకమీదికి తోలి, ఆటు వచ్చినప్పుడు విరుతురు. 1983 మొదలు లోకములోని పాత ఓడలెన్నియో అచ్చటికే చేరుచున్నవి. 2006లో ఫ్రాన్సు ఓడ 'బ్లూ లేడీ' అను పేరుతో ఆ యిసుకనెక్కెను. దాని గోడలలో ఆస్బెస్టాసు అను విషపదార్థము టన్నులకొలది కలదనియు, కూలీల ఊపిరితిత్తులు చెడుననియు వాదము సుప్రీముకోర్టు వరకు పోయెను. విరువవచ్చునని 2007లో తీర్పు వచ్చినది. ఒరిస్సానుండి, బీహారునుండి, ఉత్తరప్రదేశమునుండి బ్రతుకుతెరువునకు వచ్చిన కూలీలు గ్యాసుమంటలతో దానిని పలకలు పలకలుగా కోసిరి. భోజనశాలయు, కొలిమిగదియు, వానికి నడుమనున్న ఇనుప తలుపులును ఒకే వరుసలో ఇసుకమీద పడెను. 2008 ముగియునప్పటికి ఓడ లేదు.

దాని ముక్కు మాత్రము కోసి వెనుకకు కొనిపోయిరి. 2009లో పారిసు నగరమున దానిని వేలము వేసిరి. ప్రస్తుతమది ఆ ఓడ పుట్టిల్లనదగిన ల్హావ్రు రేవులో ఒక దిమ్మమీద నున్నది. ఆలంగులో విరిచిన ఉక్కును మిల్లులకు పంపి, కాల్చి సాగదీసి, ఇండ్ల కప్పులలో వేయు కమ్ములు చేయుదురు.